పంటి పిప్పి – నోటిలోని సూక్ష్మజీవుల వంగడములు

పిప్పిపన్ను ఎరుగని ఇల్లు మన గ్రామములలో అరుదు. రాత్రివేళ బిడ్డ దవడ పట్టుకొని ఏడ్చుచుండగా తల్లి లవంగనూనెలో ముంచిన దూదిని పంటి గుంటలో పెట్టి తెల్లవారుటకై ఎదురుచూచుట అందరును చూచినదే. పాలపండ్లే గదా, ఎట్లును ఊడిపోవునవే గదా యని పెద్దలు ఉపేక్షింతురు. కాని బిడ్డ పది, పండ్రెండేండ్ల వయస్సు వచ్చువరకు ఆ పండ్లతోనే అన్నము నమలవలసియున్నది. నమలలేని బిడ్డ తినడు. నొప్పితో నిద్రలేని బిడ్డకు మరునాడు బడిలో పాఠము తలకెక్కదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించిన నివేదిక ప్రకారము ప్రపంచములో సుమారు 51 కోట్ల 40 లక్షలమంది పిల్లలకు పాలపండ్లు పుచ్చియున్నవి. శాశ్వత దంతములు పుచ్చినవారు సుమారు 200 కోట్లమంది.

ఒకే ఇంటిలో, ఒకే కుండలోని అన్నము తినువారిలో ఒకరికి ఈ వ్యాధి వచ్చి మరియొకరికి రాకుండుట ఏల? ఈ ప్రశ్న చాల పాతది. సూక్ష్మజీవుల జన్యువులను చదువుట నేర్చిన తరువాత, అనగా గడచిన ముప్పది నలువది సంవత్సరములలో, దీనికి మంచి సమాధానము లభించినది. గ్రామమునందలి పిల్లల ఆరోగ్యమును, త్రాగునీటిని చూచుకొనవలసిన పంచాయతీ సభ్యులకు ఆ సమాధానము తెలిసియుండుట అవసరము.

పంటిలో పురుగు పడినదనుట మన వాడుక. ఈ నమ్మకము మనకే గాదు, ప్రాచీన బాబిలోనియా ప్రజలకును, ఐరోపా ఖండవాసులకును ఉండెను. కురాసాని వాము గింజలను నిప్పులపై వేసి, ఆ పొగను నోటికి పట్టించి, పిమ్మట గిన్నెలోని నీటిలో తేలు సన్నని తెల్లని పురుగులను చూపి సొమ్ము పుచ్చుకొనువారు ఐరోపాలో చాలకాలము ఉండిరి. ఆ పురుగులు వేడికి పగిలిన గింజలలోనుండి వెలువడిన బీజములే గాని పంటిలోనివి కావు. వాకుడు గింజల పొగ పట్టుట మన పల్లెలలోను ఎరిగినదే. పొగవలన నొప్పి కొంతసేపు మొద్దుబారినను బారవచ్చును. పిప్పి మాత్రము ఆగదు.

పంటిని తొలుచునది కంటికి కానవచ్చు పురుగు కాదు. 1683లో హాలెండు దేశమునందలి డెల్ఫ్ట్ పట్టణమున ఆంటొని వాన్ లేవెన్‌హుక్ అను బట్టల వర్తకుడు తాను స్వయముగా అరగదీసిన కటకముతో తన పంటి పాచిని పరీక్షించెను. ఆయన ప్రతిదినము ఉప్పుతో పండ్లు తోముకొనువాడు. అయినను ఆ పాచిలో లెక్కకు మిక్కిలిగా ప్రాణులు కదలాడుచుండుట చూచి, తన నోటిలోని ప్రాణుల సంఖ్య తన దేశ ప్రజల సంఖ్యను మించియున్నదని లండనులోని రాయల్ సొసైటీకి తెలియజేసెను. అది మొదలు రెండు వందల సంవత్సరములవరకు ఆ ప్రాణులకును పిప్పికిని గల సంబంధమును ఎవరును సరిగా నిరూపింపలేదు. బెర్లిన్ నగరమున పనిచేసిన అమెరికను దంతవైద్యుడు విల్లబీ మిల్లర్ ఆ పని చేసెను. ఊడదీసిన పండ్లను లాలాజలములో ఉంచి, అందు రొట్టెముక్కయో చక్కెరయో వేసినచో పండ్లు మెత్తబడెను. మాంసపు కొవ్వు వేసినచో మెత్తబడలేదు. సూక్ష్మజీవులు పిండిపదార్థమును, తీపిని తిని ఆమ్లమును విడుచుననియు, ఆ ఆమ్లము పంటిని కరగించుననియు ఆయన 1890లో ప్రకటించెను. ఇందుకు ఏదో ఒక్క సూక్ష్మజీవి కారణమని ఆయన చెప్పలేదు. నోటిలోని అనేక జీవులు ఈ పనిలో పాల్గొనునని చెప్పెను. ఈ మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొన కోరెదము.

ఆమ్లము పంటిని కరగించు తీరు కొంచెము వివరింపవలసియున్నది. భూసార పరీక్ష పత్రములో పి.హెచ్. అను గడి ఉండుట సభ్యులు ఎరుగుదురు. ఆ సంఖ్య ఏడునకు దిగువనున్నచో ఆమ్లము, ఎగువనున్నచో క్షారము. నోటిలో సామాన్యముగా అది ఏడునకు దగ్గరగా ఉండును. పాచిలో అది సుమారు 5.5నకు దిగినప్పుడు పంటి పైనుండు పింగాణి పొరలోని సున్నము, భాస్వరము కరగసాగును. అమెరికాలో రాబర్ట్ స్టెఫాన్ అను శాస్త్రజ్ఞుడు 1940వ సంవత్సర ప్రాంతమున దీనిని కొలిచి చూపెను. గ్లూకోజు నీటితో నోరు పుక్కిలించిన కొలది నిమిషములలోనే పాచిలోని పి.హెచ్. పడిపోవును. మరల అరగంట మొదలు గంట కాలములో లాలాజలము దానిని పూర్వస్థితికి తెచ్చును. కరగిన సున్నములో కొంతభాగము లాలాజలమునుండి మరల పంటికి చేరును. అనగా పన్ను ప్రతిదినము కరగుచును, కూడుకొనుచును ఉండును. కరగుట కూడుకొనుటను మించినప్పుడే పిప్పి ఏర్పడును.

ఒక్క దోషికొరకు వెదకుట

1924లో లండనునందు కిలియన్ క్లార్క్ అను వైద్యుడు అప్పుడప్పుడే పుచ్చుచున్న పండ్లలోనుండి ఒక సూక్ష్మజీవిని వేరుచేసెను. పూసలదండవలె వరుసగా పెరుగు స్ట్రెప్టోకాకస్ కుటుంబములోనిదే యైనను, దీని ఆకారము ఒకప్పుడు గుండ్రముగను, ఒకప్పుడు కోలగను మారుచుండెను. అందుచేత ఆయన దీనికి ‘మ్యూటాన్స్’ అని పేరిడెను. ఈ సంగతిని కొంతకాలమునకు లోకము మరచినది.

1960లో అమెరికాలో పాల్ కీస్, రాబర్ట్ ఫిట్జెరాల్డ్ అనువారు హామ్‌స్టర్ అను ఎలుకజాతి జంతువులపై జరిపిన పరీక్షలు దీనిని మరల వెలుగులోనికి తెచ్చినవి. కొన్ని కుదుళ్ల జంతువులకు ఎంత తీపి పెట్టినను పండ్లు పుచ్చుటలేదు. అది వాటి వంశలక్షణమని అందరును తలచియుండిరి. కాని పుచ్చుపండ్ల జంతువులతో ఒకే బోనులో ఉంచినంతనే వీటికిని పండ్లు పుచ్చెను. అనగా అది వంశమునుండి వచ్చిన బలము కాదు. ఆ సూక్ష్మజీవి వాటి నోటికి అంతవరకు చేరలేదంతే. మనుష్యులలోను ‘మా వంశములో అందరి పండ్లును ఇంతే’ యనుట తరచుగా వినుచుందుము. ఆ మాట పలుకుటకు ముందు ఈ హామ్‌స్టర్‌లను తలచుకొనుట మంచిది.

ఈ మ్యూటాన్స్‌కు మూడు సామర్థ్యములు కలవు. మొదటిది, పంచదారనుండి జిగురును తయారుచేయుట. పంచదారయైనను, బెల్లమైనను, చెరకురసమైనను వాటిలోని తీపి ముఖ్యముగా సుక్రోజు అను ఒకే పదార్థము. దానినుండియే ఈ జిగురు పుట్టును. బెల్లము పండ్లకు మంచిదనుట సరికాదు. ఆ జిగురుతో ఈ జీవి పంటిని అంటిపెట్టుకొని, తోటి జీవులనుగూడ కూడగట్టి మందమైన పాచిని ఏర్పరచును. రెండవది, ఆమ్లమును త్వరగా పుట్టించుట. మూడవది, ఆ ఆమ్లములో తాను చావకుండుట. ఊటబావిలో పని జరుగుచుండగా మోటారు ఎడతెగక నీటిని బయటికి తోడునట్లు, ఇది తన కణములోనికి చొచ్చుకొనివచ్చు ఆమ్లమును ఎప్పటికప్పుడు వెలుపలికి తోడివేయుచుండును. ఇతర జీవులు పని మానుకొను ఆమ్లస్థితిలోను ఇది పని సాగించును.

దోషి దొరకినాడని అందరును సంతసించిరి. మశూచికి టీకా ఉన్నట్లు పిప్పికిని టీకా తయారుచేయవచ్చునని 1970వ సంవత్సర ప్రాంతమున పలుచోట్ల ప్రయత్నములు జరిగినవి. నేటివరకు అట్టి టీకా ఏదియు ప్రజల ఉపయోగమునకు రాలేదు. ఏల రాలేదో తెలిసికొనుటకు ఆ జీవి జన్యువులలోనికి పోవలెను.

జాతి ఒకటి, వంగడములు పెక్కు

వరి యన్నది ఒక్కటే. కాని మొలగొలుకులు వేరు, అక్కుళ్లు వేరు, నేటి స్వర్ణ వేరు, సాంబమసూరి వేరు. ఒకటి నీటి ముంపునకు ఓర్చును, ఒకటి త్వరగా పండును, ఒకటి తెగులునకు లొంగును. అన్నియు వరియే యైనను గుణములు వేరు. సూక్ష్మజీవులలోను ఇట్లే వంగడములు కలవు.

మొదట మ్యూటాన్స్ అని ఒకే పేరుతో పిలిచినదానిని రక్తరసపు పరీక్షలతో 1970వ సంవత్సర ప్రాంతమున పలు తరగతులుగా విభజించిరి. పిమ్మట డి.ఎన్.ఏ.ను పోల్చిచూడగా అవి అసలు ఒకే జాతి కావనియు, మనుష్యులలో ముఖ్యముగా మ్యూటాన్స్, సోబ్రైనస్ అను రెండు వేరు జాతులు కలవనియు తేలెను. మ్యూటాన్స్‌లోనే వంగడములు మనుష్యునికి మనుష్యునికి మారును. రిజిస్ట్రారు కచేరీలో వేలిముద్రను బట్టి మనుష్యుని గుర్తించునట్లు, డి.ఎన్.ఏ.ను ముక్కలుగా కోసి ఆ ముక్కల వరుసనుబట్టి వంగడమును గుర్తింపవచ్చును.

2002లో ఒక మ్యూటాన్స్ వంగడము యొక్క జన్యులిపి సంపూర్ణముగా ప్రకటింపబడెను. పండ్లు పుచ్చుచున్న ఒక బిడ్డ నోటినుండి తీసిన వంగడమది. ఆ లిపిలో సుమారు 20 లక్షల 30 వేల అక్షరములును, సుమారు 1,960 జన్యువులును కలవు. 2013లో పలు దేశములనుండి సేకరించిన 57 వంగడములను ఒకదానితో ఒకటి పోల్చిరి. అన్నింటికిని సామాన్యమైన జన్యువులు సుమారు 1,490 మాత్రమే. అన్ని వంగడములలోని జన్యువులను కలిపి లెక్కించినచో సుమారు 3,300. అనగా సగమునకు పైగా జన్యువులు కొన్నింటికి ఉండి, కొన్నింటికి లేవు. ఒక వంగడమునకు జిగురు చేయు శక్తి ఎక్కువ. మరియొకదానికి పొరుగు సూక్ష్మజీవులను చంపు విషమును చేయు జన్యువు ఉండును. ఇంకొకదానికి అది లేదు. పైగా ఇవి వాతావరణములో పడియున్న పరాయి డి.ఎన్.ఏ. ముక్కలను గ్రహించి తమలో చేర్చుకొనగలవు. పొరుగు రైతు విత్తనమును తెచ్చి మన విత్తనముతో కలుపుకొన్నట్టిదే ఇది.

ఒక నోటిలో ఎక్కువ వంగడములు ఉన్నచో ఎక్కువ పిప్పి కలుగునా? బ్రెజిల్ దేశమున 2004లో ప్రచురించిన పరిశోధనలో పుచ్చుపండ్లు గలవారి నోటిలో మ్యూటాన్స్ వంగడములు ఎక్కువగా నుండెననియు, అవి జిగురును ఎక్కువగా చేయుచుండెననియు తేలెను. ఇతర దేశములలో జరిగిన కొన్ని పరిశోధనలలో అట్టి సంబంధము కనబడలేదు. అందుచేత వంగడములను లెక్కించి పిప్పిని ముందుగా చెప్పుట సాధ్యము కాదు.

బిడ్డ నోటికి ఇవి వచ్చు దారి

పుట్టిన బిడ్డ నోటిలో పండ్లు లేవు. సుమారు ఆరవ నెలలో మొదటి పన్ను మొలచినది మొదలు, పంటిని ఆశ్రయించు జీవులు చేరసాగును. వీటిలో సాంగ్వినిస్ అను స్ట్రెప్టోకాకస్ చాలమంది పిల్లలలో సుమారు తొమ్మిదవ నెలలో చేరును. ఇది హైడ్రోజన్ పెరాక్సైడును పుట్టించి మ్యూటాన్స్‌ను అణచును. కొన్ని ఆహారపదార్థములనుండి అమ్మోనియాను చేసి ఆమ్లమును తగ్గించును. ఇది ముందుగా స్థిరపడిన పిల్లలలో మ్యూటాన్స్ ఆలస్యముగా చేరునని అమెరికాలో పేజ్ కాఫీల్డ్ బృందమువారు చూపిరి. వారు 1993లో 46 మంది తల్లులను, బిడ్డలను పరిశీలించి, మ్యూటాన్స్ ఎక్కువగా 19వ నెలకును 31వ నెలకును నడుమ చేరుచున్నదని తెలిపిరి. దవడపండ్లు మొలచు కాలమదియే. ఆస్ట్రేలియాలో తరువాత జరిగిన పరిశోధనలో పండ్లు మొలవని కొందరు శిశువులలోను ఇది కనబడెను.

ఎవరినుండి చేరును? కాఫీల్డ్ బృందము 1995లో 34 మంది తల్లులయొక్కయు, బిడ్డలయొక్కయు వంగడములను పోల్చగా, పదింటికి ఏడు జంటలలో తల్లి వంగడమే బిడ్డ నోటిలో ఉండెను. చెంచా రుచిచూచి బిడ్డ నోటిలో పెట్టుట, ముద్దను నమిలి పెట్టుట మొదలగు వాటివలన లాలాజలము బిడ్డకు చేరును.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పవలసియున్నది. ఈ పరిశోధనను పట్టుకొని బిడ్డ పండ్లు పుచ్చుటకు తల్లియే కారణమని నిందించుట తగదు. బిడ్డకు అన్నము పెట్టునది తల్లి గనుక ఆమె జీవులు చేరినవి. తాత పెట్టినచో తాత జీవులు చేరును. అమెరికాలోని ఆలబామా రాష్ట్ర గ్రామీణ ప్రాంతమున జరిగి 2016లో వెల్లడియైన పరిశీలనలో పదిమంది పిల్లలలో నలుగురికి తల్లి వంగడములలో ఒక్కటియు లేదు. వారికి ఇతరులనుండియు, తోటి పిల్లలనుండియు వచ్చినవి. ముద్దు పెట్టుకొనుటను మాన్పించుట వ్యర్థము. చేయదగిన పని వేరు. తల్లి గర్భవతిగా నున్నప్పుడును, బిడ్డ పసితనములోను ఆమె పుచ్చుపండ్లకు చికిత్స చేయించినచో ఆమె నోటిలో ఈ జీవులు తగ్గి, బిడ్డకు చేరుట ఆలస్యమగును. స్వీడను దేశమున 1980వ సంవత్సరము తరువాత జరిగిన పరీక్షలలో ఇది రుజువైనది. మన ఇండ్లలో తల్లి పన్ను చివరికి గుర్తుకు వచ్చును, ఆమెయే చెప్పుకొనదు.

చౌడు భూమిలో గడ్డి

మ్యూటాన్స్‌నే నిర్మూలించినచో సరిపోవునా? సరిపోదు. అమెరికాలో 2008లో ప్రచురించిన ఒక పరిశోధనలో శాశ్వతదంతములు తీవ్రముగా పుచ్చినవారిలో సుమారు నూటికి పదిమంది నోటిలో ఈ జీవి కానరానేలేదు. నోటిలో ఈ జీవియుండియు పిప్పి లేనివారు ఎందరో కలరు. నోటిలో నివసింపగల సూక్ష్మజీవుల జాతులు నేటి లెక్క ప్రకారము సుమారు 700. పిప్పిలో లాక్టోబాసిల్లస్, స్కార్డోవియా మొదలైనవియు పాల్గొనును. 2023లో సెలినోమోనాస్ స్పుటిజీనా అను మరియొక జీవి మ్యూటాన్స్ గూటిపై తేనెపట్టువంటి కప్పు నిర్మించి ఆమ్లమును పంటిపై నిలుపునని వెల్లడియైనది. అంతకు పూర్వము అది చిగుళ్ల వ్యాధికి సంబంధించినదిగా మాత్రమే ఎరుగుదురు. మిల్లర్ 1890లో చెప్పిన మాట మరల నిజమైనది.

మంచి నేలలో పలురకముల మొక్కలు పెరుగును. నీరు పారక నిలిచి, నేల చౌడు బారినచో వాటిలో చాలభాగము నశించి, చౌడుకు ఓర్చు గడ్డి మాత్రమే మిగులును. ఆ గడ్డిని ఎన్నిమారులు పెరికినను నేల మారనిదే మరల అదియే మొలచును. నోటిలోను అట్లే. తీపి తరచుగా తగులుచున్నచో పాచి ఎప్పుడును ఆమ్లముగా నుండును. ఆమ్లమునకు ఓర్వని సాంగ్వినిస్ వంటివి తగ్గును, ఓర్చునవి పెరుగును, అవి పెరిగిన కొలది ఆమ్లము మరింత పెరుగును. పిప్పి లోతుగా పోయిన కొలది అచ్చటి జాతుల సంఖ్య తగ్గిపోవుట పలు పరిశోధనలలో కానవచ్చినది. ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు ఫిలిప్ మార్ష్ 1990వ సంవత్సరము తరువాత ఈ దృష్టిని ప్రచారములోనికి తెచ్చెను. నేడు ఎక్కువమంది అంగీకరించునది ఇదియే.

వంశముమాట ఇక్కడ మరల వచ్చును. 2017లో ఆస్ట్రేలియాలోని 5 మొదలు 11 సంవత్సరముల వయస్సుగల కవలల పాచిని పరీక్షించిరి. ఒకే పిండమునుండి పుట్టిన కవలల నోటి జీవులు ఎక్కువగా పోలియుండెను. కావున వంశప్రభావము కొంత ఉన్నమాట నిజమే. అయితే వంశమును అనుసరించి వచ్చు జీవులు పిప్పికి సంబంధించినవి కావు. పిప్పికి సంబంధించినవి ఆహారమును, పరిసరములను అనుసరించి వచ్చినవి. తీపి ఎక్కువ తిను పిల్లలలో వంశానుగతములైన జీవులు తగ్గియుండెను.

ఈ మార్పు ఒక తరములో వచ్చినది కాదు. పైన చెప్పిన 57 వంగడముల జన్యువులనుబట్టి లెక్కకట్టగా, మ్యూటాన్స్ సంతతి విస్తరించుట సుమారు పదివేల సంవత్సరముల క్రిందట, అనగా మానవుడు వ్యవసాయము ప్రారంభించిన కాలమున మొదలైనట్లు తేలినది. ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఐరోపాలోని 34 ప్రాచీన అస్థిపంజరముల పండ్లపై గట్టిపడిన గారలోని డి.ఎన్.ఏ.ను 2013లో చదివిరి. వేటతో జీవించినవారి నోటిలో జీవుల వైవిధ్యము ఎక్కువ, వ్యవసాయముతో మారినది, గత శతాబ్దమున్నర కాలములో యంత్రముల పిండియు, చౌక పంచదారయు వచ్చిన పిమ్మట వైవిధ్యము మరింత తగ్గినది.

తీపి ఎన్ని మారులు?

ఎంత తీపి అను ప్రశ్నకంటె ఎన్ని మారులు అను ప్రశ్న ముఖ్యము. స్వీడనులోని విపెహోల్మ్ ఆసుపత్రియందు 1945 మొదలు జరిగిన పరీక్షలో, భోజనముతోపాటు పంచదార తిన్నవారికి పిప్పి అంతగా పెరుగలేదు. భోజనముల నడుమ పంటికి అంటుకొను మిఠాయిబిళ్లలు తిన్నవారికి విపరీతముగా పెరిగెను. మాట చెప్పుకొనలేని మానసికరోగులపై ఆ పరీక్ష జరిపిరి. నేటి వైద్యనీతి దానిని అంగీకరింపదు. ఆ రోగుల పండ్లను బలిపెట్టి సంపాదించిన జ్ఞానమని మరువరాదు.

పండుగనాడు అరిసెలు అన్నముతో తిని నోరు కడుగుకొను బిడ్డకంటె, దినమంతయు జేబులోని బిళ్లలను చప్పరించు బిడ్డకు హాని ఎక్కువ. ఒక్కొక్క బిళ్లతో పాచి అరగంటపాటు ఆమ్లమగును. ఆ అరగంట ముగియకముందే మరియొక బిళ్ల. పంచదార కలిపిన పాలసీసాను నోటిలో పెట్టి నిద్రపుచ్చుట అన్నింటికంటె చెడ్డది. నిద్రలో లాలాజలము బాగుగా తగ్గును గనుక ఆమ్లమును కడుగువారు లేరు. ముందరి పై పండ్లు చిగురువద్ద పుచ్చి నల్లబడిన పసిపిల్లలలో చాలమంది కథ ఇదియే.

తోముట విషయములో చర్చ ఎక్కువ అక్కరలేదు. వేపపుల్లయైనను, కుంచెయైనను పాచి పోవుట ముఖ్యము. ఇటుకపొడి, బొగ్గు, కచ్చికల గరుకు పొడులు పింగాణిని అరగదీయును. పుల్లలో ఫ్లోరైడు లేదు. అదియున్న పేస్టువలన పన్ను మరల గట్టిపడును. మూడేండ్ల లోపు పిల్లలకు బియ్యపుగింజంత, ఆరేండ్లవరకు బఠాణిగింజంత పేస్టు చాలును.

ఫ్లోరైడు మాట ఎత్తినప్పుడు మన ప్రాంతమువారు జాగ్రత్తపడుట సహజము. అమెరికాలోని గ్రాండ్ రాపిడ్స్ పట్టణమున 1945లో త్రాగునీటిలో లీటరుకు సుమారు ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడును కలుపగా, పిల్లలలో పిప్పి సగమునకు పైగా తగ్గెను. కాని భారతదేశములో ఫ్లోరైడు విషవ్యాధిని మొట్టమొదట గుర్తించినది 1937లో, నాటి చెన్నరాజధానిలోని మన నెల్లూరు జిల్లాలోనే. నల్గొండ పల్లెలలో గారపట్టిన పండ్లు, వంగిన వెన్నెముకలు ఎందరో చూచియున్నారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించిన నీరు త్రాగుటకు పనికిరాదు. పండ్లపై గోధుమరంగు మచ్చలు వేరు, పిప్పి వేరు. ఈ రెండును ఒకే బిడ్డకు ఉండవచ్చును. నీటిలో ఫ్లోరైడు ఎక్కువగా నున్న గ్రామములలో పిల్లల పేస్టు విషయమై దంతవైద్యుని సలహా పొందవలెను.

పంచాయతీలు తలపెట్టదగినవి

1992లో జరిగిన 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులో త్రాగునీరు, ఆరోగ్యము, స్త్రీ శిశు సంక్షేమము పంచాయతీలకు అప్పగింపదగిన విషయములుగా పేర్కొనబడినవి. పిప్పినివారించుటకు పెద్ద పద్దు అక్కరలేదు. గ్రామములోని బావుల, బోర్ల నీటిలో ఫ్లోరైడు ఎంతయున్నదో పరీక్షించి, ఆ సంఖ్యను పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయించుట మొదటి పని. 2019లో ప్రారంభమైన జల జీవన్ మిషన్ క్రింద గ్రామములకు పరీక్షపెట్టెలు ఇచ్చి, స్త్రీలకు వాటి వాడుకలో శిక్షణ ఇచ్చుచున్నారు.

అంగన్‌వాడీలోను, బడిలోను పుట్టినరోజునాడు బిళ్లలు పంచు వాడుక ప్రబలినది. నలుబది మంది పిల్లలున్న తరగతిలో ఏడాదికి నలుబది పంపకములు. వాటికి మారుగా వేరుశనగపప్పులో, అరటిపండ్లో పంచవలసినదిగా తల్లిదండ్రులను, ఉపాధ్యాయులను కోరుట గ్రామసభలో తేల్చుకొనదగిన సంగతి. దీనికి కొందరు నవ్వవచ్చును. నవ్విన పిమ్మట ఒప్పుకొందురు.

మూడవది, ప్రతినెల జరుగు గ్రామ ఆరోగ్య పోషకాహార దినమున పసిపిల్లల బరువు తూచుచున్నప్పుడే పై పెదవిని వ్రేలితో ఎత్తి చూచుట. చిగురు అంచున పంటిపై సున్నము గీచినట్లు తెల్లని చార కనబడినచో అది పిప్పికి తొలి గుర్తు. ఆ దశలో పింగాణి పొర ఇంకను చిల్లుపడలేదు. రాత్రి సీసాను మాన్పించి, తీపి మారులు తగ్గించి, ఫ్లోరైడు పేస్టుతో తోమినచో ఆ చార నిలిచిపోవుటయే గాక మరల గట్టిపడవచ్చును. గోధుమరంగు గుంట పడినచో దంతవైద్యుని యొద్దకు పంపవలెను. ఈ పరీక్షకు ఒక నిమిషము చాలును, పరికరము అక్కరలేదు. ఆశా కార్యకర్తకు ఒకమారు చూపినచో ఆమెయే చేయగలదు. అదేవిధముగా, గర్భిణీస్త్రీలు పరీక్షకు వచ్చినప్పుడు వారి పండ్లనుగూడ చూడవలసినదని ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యుని కోరవచ్చును.

బడిపిల్లల విషయములో ఆరవ యేడు ముఖ్యము. ఆ వయస్సున పాలపండ్లు ఏవియు ఊడకుండగనే, వాటి వెనుక దవడ చివర నాలుగు కొత్త దవడపండ్లు మొలచును. ఊడక మొలచుటచేత తల్లిదండ్రులు వాటినిగూడ పాలపండ్లనియే తలతురు. అవి శాశ్వతదంతములు, పోయినచో మరల రావు. వాటి నమలుభాగమున లోతైన గాడులుండుటచేత పాచి అక్కడ నిలిచి, మొలచిన రెండు మూడేండ్లలోనే పుచ్చుట సామాన్యము. ఆ గాడులను పూడ్చు లేపనమును దంతవైద్యులు నొప్పిలేకుండ కొలది నిమిషములలో వేయుదురు. గ్రామమునకు దంతవైద్య శిబిరము వచ్చినప్పుడు ఒకటవ, రెండవ తరగతుల పిల్లలను ముందుగా పంపవలెను.